చదరంగం బల్ల నుంచి చెక్కు పుస్తకం దాకా: 'చెక్' వంశావళి

ప్రశ్న ఇది. చదరంగంలో రాజుకు చెప్పే చెక్, బ్యాంకులో రాసిచ్చే చెక్కు, చెక్స్ చొక్కా, వాగు మీద కట్టే చెక్ డ్యామ్, సరిహద్దులో చెక్ పోస్ట్, ఆసుపత్రిలో చెకప్... ఇవన్నీ ఒకే మాటా, లేక వేర్వేరు మాటలు ఒకేలా వినబడుతున్నాయా? దాంతోపాటు ఇంకో సందేహం: బ్యాంకు చెక్కు అరబ్బీలోని 'సక్' నుంచి పుట్టిందని వాట్సాప్‌లో తిరుగుతున్నది నిజమేనా?

మొదటిదానికి జవాబు: అన్నీ ఒకే మాట. రెండోదానికి: ఆధారం లేదు. ఎందుకో కింద చెబుతాను. నిఘంటువుల పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి. మాట పుట్టుక వెతికేటప్పుడు శబ్దం కలవడం చాలా చిన్న సాక్ష్యం. ఏ అర్థం ముందు కనిపించింది, ఏది తర్వాత, మధ్యలో ఏ భాష చేతులు మారింది అన్న వరుస దొరికితేనే వాదన నిలుస్తుంది. 'చెక్' విషయంలో మన అదృష్టం కొద్దీ ఆ వరుస చాలావరకు దొరుకుతోంది.

చదరంగం మన దేశపు ఆట. ఏడో శతాబ్దంలో బాణభట్టు హర్షుడి రాజ్యాన్ని పొగుడుతూ, ఆ రాజ్యంలో చతురంగాలు కనిపించేది అష్టాపదం మీదే అని చమత్కరించాడు. అంటే సేనలు కదిలేది వరుసకు ఎనిమిది గళ్ళున్న బల్ల మీదే తప్ప యుద్ధభూమిలో కాదని. ఆట ఇక్కడి నుంచి పారశీకానికి వెళ్ళి 'చత్రంగ్' అయింది, అరబ్బుల చేతికి చిక్కి 'షత్రంజ్' అయింది. ఆటగాడు ఎదుటి రాజు మీదికి దాడి పెట్టినప్పుడు 'షాహ్!' అని గట్టిగా హెచ్చరించేవాడు. రాజు అని అర్థం, అంతే. 'నీ రాజును చూసుకో' అని. హిందీ, ఉర్దూల్లో ఈనాటికీ 'షహ్' అనే అంటారు, 'షహ్ ఔర్ మాత్' అని జాతీయంగా కూడా వాడతారు.

ఈ 'షాహ్' అరబ్బుల ద్వారా యూరప్‌కి చేరింది. అక్కడి లాటిన్‌లో మొదట్లో 'ష' ధ్వని లేదు, చివరి 'హ' పలకడమూ రాదు. దాంతో 'షాహ్' కాస్తా 'స్కాకుస్' అయింది. పాత ఫ్రెంచిలో 'ఎశ్చెక్'. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్‌లతో అక్కడికి చేరి, ముందున్న 'ఎ' ఊడిపోయి, 14వ శతాబ్దానికి 'చెక్'గా స్థిరపడింది. దాని బహువచనం 'ఎశ్చెస్' నుంచి వచ్చిందే 'చెస్'. అంటే చెస్, చెక్ రెండు మాటలు కావు, ఒకటే మాట బహువచనం, ఏకవచనం. అక్షరాలా చూస్తే చెస్ అంటే 'రాజులు'. జర్మన్‌లో షాఖ్, రష్యన్‌లో షాఖ్మతీ అన్నా అదే కుటుంబం. ఫ్రెంచివాళ్ళు ఇంకో అడుగు ముందుకెళ్ళారు. వాళ్ళ భాషలో 'ఎషెక్' అంటే ఇప్పుడు ఓటమి, వైఫల్యం.

చెక్‌మేట్‌లో 'మేట్' అంటే స్నేహితుడు కాదని చెప్పక్కర్లేదు. అరబ్బీలో 'మాత' అంటే చనిపోయాడు కాబట్టి 'రాజు చచ్చాడు' అని చాలా పుస్తకాల్లో రాస్తారు. కానీ పారశీకంలో 'మాత్' అంటే దిక్కుతోచక నిలబడిపోయినవాడు. నాకు ఇదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే చదరంగంలో రాజును ఎవరూ చంపరు. కదలడానికి చోటు లేకుండా చేస్తారు, అంతటితో ఆట అయిపోతుంది.

ఈ 'షాహ్' మనకు పరాయిది కాదు. గోల్కొండ ఏలిన కుతుబ్ షాహీల పేరులో ఉన్నది, పాదుషాలో ఉన్నది, షెహన్‌షాలో ఉన్నది ఇదే. హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరు చివరి ముక్కా, మీ జేబులో ఉన్న చెక్కూ ఒకే మాటకు రెండు రూపాలు. ఇంకా వెనక్కి వెళితే, క్రీ.పూ. ఆరో శతాబ్దం చివర పారశీక చక్రవర్తి డేరియస్ ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో రాజుకు 'ఖ్షాయథియ' అన్న మాట ఉంది. అది అరిగి అరిగి 'షాహ్' అయింది. దానికి మూలమైన 'ఖ్షాయ్' అన్న ధాతువుకు ఏలడం అని అర్థం. సంస్కృతంలో క్షత్రం, క్షత్రియ అన్న మాటలకూ అదే మూలం. ఇరాన్ సామ్రాజ్యపు రాష్ట్రాధిపతి బిరుదు మన దగ్గర 'క్షత్రప' అయింది. గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన శక పాలకుడు నహపానుడి బిరుదు అదే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. 'చెక్ సంస్కృతం నుంచి పుట్టింది' అని దయచేసి ఎవరూ పోస్టులు పెట్టకండి. క్షత్రియ, షాహ్ అక్కాచెల్లెళ్ళ బిడ్డలు. ఒకదాని కడుపున ఇంకొకటి పుట్టలేదు. మన దేశం నుంచి వెళ్ళింది ఆట. కేకవేసిన మాట మాత్రం పారశీకులది.

ఇక ఇంగ్లీషులో ఏం జరిగిందో చూద్దాం. చదరంగంలో చెక్ చెప్పగానే ఎదుటివాడి పథకాలన్నీ ఆగిపోతాయి. ముందు రాజును కాపాడుకోవాలి, తర్వాతే ఇంకేదైనా. దాంతో 'చెక్' అంటే 'ఆపడం, అడ్డుకోవడం, వేగం తగ్గించడం' అన్న అర్థం వచ్చింది. ఇది మొదటి కొమ్మ. వేటలో డేగ అసలు పిట్టను వదిలేసి దారిలో కనబడ్డ వేరే పిట్ట వెంట పడినా చెక్ అనేవారు. క్రికెట్‌లో చెక్ డ్రైవ్ అంటే బ్యాటును పూర్తిగా ఊపకుండా మధ్యలో ఆపి కొట్టేది. రాజ్యాంగం గురించి మాట్లాడేటప్పుడు చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ అంటారు కదా, అక్కడ చెక్ అంటే తనిఖీ కాదు, పగ్గం.

చెక్ డ్యామ్ కూడా ఈ కొమ్మదే. దాన్ని నీళ్ళు 'చెక్ చేసే' డ్యామ్ అనుకునేవాళ్ళున్నారు. చెక్ డ్యామ్ పెద్ద జలాశయంలా నీటిని నిలవ చేయడానికి కట్టేది కాదు. వాగు ఉరుకును తగ్గించి, మట్టి కొట్టుకుపోకుండా చూసి, నీరు భూమిలోకి ఇంకేలా చేయడానికి కడతారు. వానాకాలంలో దాని మీదుగా నీరు పొర్లిపోతూనే ఉంటుంది. కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది: రాజుకు చెక్ చెప్పినట్టు వాగుకు చెక్. మోటారు పైపులో నీరు వెనక్కి రాకుండా పెట్టే చెక్ వాల్వ్ కూడా ఇంతే.

విచిత్రమేమిటంటే, ఈ పాత చదరంగపు అర్థాన్ని ఇంగ్లీషు కన్నా మన తెలుగు పేపర్లే ఎక్కువ బతికిస్తున్నాయి. 'ఇసుక అక్రమ రవాణాకు చెక్', 'దోమలకు చెక్ పెట్టే చిట్కాలు', 'పొట్టకు చెక్' అన్న శీర్షిక లేని రోజు ఉండదు. ఇంగ్లీషు పత్రికలో పొట్టకు చెక్ అంటే ఎవరికీ అర్థం కాదు.

రెండో కొమ్మ బల్ల నుంచి వచ్చింది. నలుపు తెలుపు గళ్ళ బల్లను ఫ్రెంచిలో 'ఎశ్చెకియే' అన్నారు, లాటిన్‌లో 'స్కకారియుం'. గళ్ళున్నదేదైనా చెకర్ అయింది, అది కురచై గళ్ళ బట్టకు చెక్ అన్న పేరు వచ్చింది. మనం 'చెక్స్ చొక్కా' అంటున్నది దాన్నే. గళ్ళ లుంగీ, గళ్ళ చీర అన్న సొంత మాటలు ఉన్నా చొక్కా దగ్గరికి వచ్చేసరికి చెక్స్ అనే అంటాం, ఎందుకో మరి. ఈ గళ్ళ బట్టల్లో మనవాళ్ళ చేయి పెద్దది. చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతో పశ్చిమ ఆఫ్రికా దాకా అమ్ముడుపోయాయి. నేసింది మనం, పేరు రేవుకు పోయింది. అమెరికాలో చెకర్స్ అంటే చదరంగం గళ్ళ మీద బిళ్ళలతో ఆడే వేరే ఆట. బ్రిటన్‌లో దాన్ని డ్రాఫ్ట్స్ అంటారు.

బల్ల కథలో అసలు రుచి ఎక్స్‌చెకర్ దగ్గర ఉంది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఇప్పటికీ ఛాన్స్‌లర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు. రిషి సునాక్ ప్రధాని కాకముందు చేసిన పదవి అదే. ఖజానాకూ చదరంగానికీ ఏమిటి సంబంధం అంటే, ఒక బల్ల. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఖజానా లెక్కలు పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద జరిగేవి. దాని మీద గీతలు గీసిన నల్లబట్ట పరిచేవారు. ఒక వరుస పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌండ్లకు, తర్వాత ఇరవైలు, వందలు, వేలు. ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కీ, సెప్టెంబరు చివర వచ్చే మైఖేల్‌మస్ పండుగకీ, జిల్లాల నుంచి పన్ను వసూలు చేసే షెరీఫులు వచ్చి బల్లకు ఒకవైపు కూర్చునేవారు. వాళ్ళు కట్టాల్సినంత బిళ్ళలు పై వరుసలో పేర్చేవారు, తెచ్చినంత కింది వరుసలో. పై నుంచి కిందివి తీసేస్తే మిగిలినది బాకీ.

ఇంత తంతు ఎందుకు? అప్పటికి వాళ్ళవి రోమన్ అంకెలు. సున్నా లేదు, స్థానవిలువ లేదు. ఆ అంకెలతో కాగితం మీద తీసివేత చేసి చూడండి, తెలుస్తుంది. పైగా షెరీఫుల్లో చాలామందికి చదువు రాదు. బల్ల మీద బిళ్ళలైతే అందరి కళ్ళకూ కనబడతాయి, తర్వాత మోసమని గొడవ పెట్టడానికి వీలుండదు.

రెండో హెన్రీ దగ్గర కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170లలో ఈ పద్ధతి గురించి వివరంగా రాశాడు. దీన్ని చదరంగం బల్ల అని ఎందుకంటారు అన్న ప్రశ్నకు ఆయన జవాబు రెండు భాగాలు. ఒకటి, చూడ్డానికి అలా ఉంటుంది. రెండోది నాకు బాగా నచ్చింది: ఆ బల్ల మీద రాజులు పోట్లాడినట్టే ఈ బల్ల మీద కోశాధికారి, షెరీఫ్ పోట్లాడతారు. ఆ మాట అన్నవాడు స్వయంగా బల్లకు ఒకవైపు కూర్చున్న ఆటగాడే.

మధ్యలో ఒక మాట. ఎక్స్‌చెకర్‌లో ఉన్న 'ఎక్స్' ఉత్త పొరపాటు. ఫ్రెంచి 'ఎశ్చెకియే'లో మొదటి అక్షరం లాటిన్ 'ఎక్స్' అరిగిన రూపమేమో అని పండితులు అనుకుని 'సరిదిద్దారు'. సరిదిద్దబోయి చెడగొట్టడం వాళ్ళకూ ఉంది.

డబ్బు కట్టినందుకు రసీదుగా ఇచ్చేది కర్రముక్క, టాలీ. హేజెల్ అనే చెట్టు కర్ర మీద గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం, వందకు బొటనవేలి మందం, ఇరవైకి చిటికెనవేలి మందం, ఒక్క పౌండుకు బార్లీ గింజంత. తర్వాత కర్రను నిలువునా చీల్చి చెరో సగం ఉంచుకునేవారు. ఎప్పుడైనా తగాదా వస్తే రెండు ముక్కలు కలిపి చూస్తే గాట్లు సరిపోవాలి. ఈ కర్రలు 19వ శతాబ్దం వరకూ వాడారంటే నమ్మశక్యం కాదు. 1826లో వాడకం ఆగింది. మిగిలిపోయిన రెండు బళ్ళ కర్రల్ని 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింద ఉన్న కొలిమిలో వేసి తగలబెట్టారు. ఆ వేడికి మంటలు అంటుకుని రెండు సభల భవనాలూ కాలిపోయాయి. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే బ్రిటిష్ పార్లమెంటు ఆ తర్వాత కట్టింది.

ఇక మూడో కొమ్మ, సరిచూడటం. ఆసుపత్రిలో చెకప్, సరిహద్దులో చెక్ పోస్ట్ ఈ కొమ్మవే. ఇది అన్నిటికన్నా ఆలస్యంగా, 17వ శతాబ్దం చివర స్పష్టంగా కనిపిస్తుంది. ఒకడు చెప్పిన లెక్కను అక్కడే ఆపి, ఇంకో పట్టీతో పోల్చి, సరిపోతేనే ముందుకు వదలడం. 'ఆపడం' నుంచి 'సరిచూడటం'కి వంతెన ఇదే. ఇంగ్లండ్ నౌకా నిర్మాణ కేంద్రాల్లో 'క్లర్క్ ఆఫ్ ది చెక్' అనే ఉద్యోగి ఉండేవాడు. పనివాళ్ళ హాజరు పట్టీ చూసుకోవడం అతని పని. కంట్రోల్ అన్న మాటా ఇలాంటిదే: అసలు చుట్టకు పోటీగా ఉంచుకునే నకలు చుట్ట 'కాంట్ర్-రోల్'. అధికారం అంటే ఇంకో కాపీ మన దగ్గర ఉండటమే అన్నమాట.

బ్యాంకు చెక్కు ఈ కొమ్మకే కాసింది. 18వ శతాబ్దం మొదట్లో 'చెక్' అంటే డబ్బు చెల్లించమనే కాగితం కాదు. ఆ కాగితం చింపి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్క, కౌంటర్‌ఫాయిల్. దొంగ కాగితం వస్తే పక్కన పెట్టి సరిచూసుకోవడానికి. తర్వాత ఆ పేరు మిగిలిన ముక్క నుంచి చింపి ఇచ్చిన ముక్కకు మారింది. అసలు అలాంటి కాగితాలు లండన్‌లో 17వ శతాబ్దం మధ్యకే ఉన్నాయి, కానీ వాటిని అప్పుడు 'డ్రాన్ నోట్' అనేవారు. వస్తువు ముందు, పేరు తర్వాత. మన వర్తకులు అదే తరహా పనికి హుండీలు (గుడి హుండీ కాదు, డబ్బు చెల్లించమని రాసిచ్చే కాగితాలు) వాడుకున్నారు.

'సక్' వాదన ఇక్కడే తేలిపోతుంది. అరబ్బీలో 'సక్' అన్న మాట ఉంది, చెల్లింపు పత్రం అనే అర్థమూ ఉంది. పదో శతాబ్దంలో ఇబ్న్ హౌకల్ అనే యాత్రికుడు సహారా ఎడారి అంచున ఉన్న ఔదఘస్త్ పట్టణంలో 42,000 దీనార్లకు రాసిన సక్ గురించి చెప్పాడు. అంటే అరబ్బులకు చెక్కు లాంటిది ఇంగ్లీషువాళ్ళకన్నా ఎన్నో వందల ఏళ్ళ ముందే తెలుసు. అది కాదనలేని ఘనత. కానీ మాట సంగతి వేరు. ఇంగ్లీషులో 'చెక్' మొదట పత్రం పేరుగా కాక కౌంటర్‌ఫాయిల్ పేరుగా వచ్చింది, అదీ అప్పటికే ఇంగ్లీషులో మూడు వందల ఏళ్ళకు పైగా ఉన్న మాట నుంచి. 'సక్' నేరుగా వచ్చి ఉంటే మధ్యలో ఇటాలియన్‌లోనో స్పానిష్‌లోనో చెల్లింపు పత్రానికి ఆ పేరు జాడ కనబడాలి. ఫ్రెంచివాళ్ళయితే 'షెక్'ని ఇంగ్లీషు నుంచే అప్పు తెచ్చుకున్నారు. ఒకే పనికి రెండు చోట్ల పుట్టిన రెండు మాటలు కాస్త దగ్గరగా వినిపించాయి, అంతే.

స్పెల్లింగు గొడవ. బ్రిటన్‌లోనూ మొదట్లో బ్యాంకు చెక్కుకు మామూలు 'సీకే' స్పెల్లింగే వాడేవారు. 'క్యూయూఈ' రూపం ఎక్స్‌చెకర్ ప్రభావంతో వచ్చింది. 1820లలో జేమ్స్ విలియం గిల్‌బార్ట్ అనే లండన్ బ్యాంకరు, మిగతా చెక్‌లతో కలగకుండా ఉంటుందనీ, ఎక్స్‌చెకర్‌తో పోలిక ఉంటుందనీ ఈ రూపం ఎంచుకున్నాడు. మన దేశంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉన్నది ఈ రూపమే కాబట్టి బ్యాంకు కాగితాల మీద అదే రాయాలి. అమెరికావాళ్ళు పాత 'సీకే'తోనే ఉండిపోయారు. అందుకే అక్కడికి కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు 'చెకింగ్ అకౌంట్' అన్న మాట చూసి ఏదో తనిఖీ ఖాతా అనుకుంటారు. చెక్కులు రాసుకునే ఖాతా అని అర్థం.

అమెరికాలో ఇంకో చిక్కు. హోటల్లో తిన్నాక అడిగేది 'చెక్', అంటే బిల్లు. టిక్ గుర్తు పెట్టడమూ చెక్కే. విమానాశ్రయంలో 'చెక్డ్ బ్యాగేజ్' అంటే తనిఖీ అయిన సామాను అని చాలామంది అనుకుంటారు. కాదు. సామాను అప్పగించినప్పుడు ఇచ్చే గుర్తుబిళ్ళను చెక్ అనేవారు. మన సామాను ఇంకొకరు పట్టుకుపోకుండా ఆ బిళ్ళతో సరిచూసుకోవాలి. అలా బిళ్ళ తీసుకుని అప్పగించిన పెట్టె 'చెక్డ్'. స్కానర్‌లో తనిఖీ మాత్రం చేతిలో పట్టుకెళ్ళే సంచికీ ఉంటుంది.

తెలుగులో మనం ఈ అర్థాల్ని కలగాపులగం కాకుండా బాగానే విడదీసుకున్నాం. 'చెక్ పెట్టాడు' అంటే అడ్డుకున్నాడు. 'చెక్ చేశాడు' అంటే సరిచూశాడు. 'చెక్కు ఇచ్చాడు' అంటే బ్యాంకు కాగితం. బట్టకు 'చెక్స్'. అడ్డుకోవడానికీ సరిచూడటానికీ క్రియతో తేడా తెచ్చాం, బ్యాంకుదానికి చివర 'ఉ' తగిలించి దానికో సొంత రూపం ఇచ్చాం. 'చెక్కు పెట్టాడు' అంటే ఇంకేముంది, ఎవరో బ్యాంకులో చెక్కు వేశారనే. ఏ వ్యాకరణ పండితుడూ కూర్చుని నిర్ణయించలేదు, వాడుకలో అదే కుదిరింది.

చివరగా ఈ కుటుంబంలో లేనివి. చెక్ రిపబ్లిక్‌లోని చెక్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు, అది ఆ జాతివాళ్ళు తమను తాము పిలుచుకునే పేరు. తెలుగు చెక్క, శిల్పి రాయిని చెక్కడం, మామిడికాయ చెక్కు తీయడం, 'చెక్కుచెదరని' అన్నప్పటి చెక్కు, ఇవన్నీ మన సొంత మాటలు. వీటిని చదరంగంతో ముడిపెట్టే పోస్టు ఏదైనా వస్తే ఫార్వర్డ్ చేయకండి.